రాక్ సంగీతానికి పంచాంగ శ్రవణం

రాక్ సంగీతం చచ్చిపోయిందన్న కబురు అమెరికాలో ఎన్నిసార్లు అచ్చయిందో చెప్పడం కష్టం. మామూలు మనిషికైతే పన్నెండో రోజుతో పని తెమిలిపోతుంది. రాక్‌కి మాత్రం పొద్దున కర్మ, సాయంత్రం బారసాల. 1995లో లెన్నీ క్రావిట్జ్ రాక్ అండ్ రోల్ చచ్చిందని పాట కట్టాడు. కట్టింది గిటార్ మీదే. కొన్నేళ్ళకు మార్లిన్ మాన్సన్ అదే సంగతి ఇంకా గట్టిగా అరిచి చెప్పాడు, అదీ గిటార్ మీదే. 2014లో కిస్ బృందం పెద్ద జీన్ సిమన్స్ ఒక పత్రిక ఇంటర్వ్యూలో రాక్ పని అయిపోయిందని తేల్చేశాడు. తేల్చినవాడు మూటాముల్లే సర్దుకున్నాడా? మొహానికి రంగు పూసుకుని, నాలుక బయటపెట్టి, 2023 డిసెంబరు దాకా టికెట్లు అమ్ముతూనే ఉన్నాడు. శవయాత్రకు కూడా ప్రవేశ రుసుము వసూలు చేసిన ఘనత ఆయనదే.

చావు కబురు చెప్పేవాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళు ఏడ్చి ఊరుకుంటారు. నా పేచీ "రాక్ ఇప్పుడెటు పోతోంది?" అని ఏటేటా వ్యాసం రాసే మహానుభావులతో. ఆ వ్యాసాలు ఉగాదినాడు గుళ్ళో పంచాంగ శ్రవణంలాగే ఉంటాయి. ఆదాయం రెండు, వ్యయం పదకొండు. రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు. ప్రథమార్ధంలో గిటార్లకు ఏల్నాటి శని, ద్వితీయార్ధంలో సింథసైజర్లకు గురుబలం. మన సిద్ధాంతిగారు చెప్పింది జరక్కపోతే పాపం ఊళ్ళోవాళ్ళు నిలదీస్తారు, ఆయన దృగ్గణితమా పూర్వపద్ధతా అని ఇంకో సిద్ధాంతి మీదకి నెట్టాలి. సంగీత జోస్యులకు ఆ బాధ కూడా లేదు. పోయినేటి వ్యాసం ఎవరూ దాచిపెట్టుకోరని వాళ్ళకు తెలుసు.

కొన్ని జోస్యాలు మాత్రం మిగిలి ఉన్నాయి. 1962 జనవరి 1న లండన్‌లో డెక్కా రికార్డు కంపెనీ ముందు లివర్‌పూల్ కుర్రాళ్ళు నలుగురు పదిహేను పాటలు పాడి వినిపించారు. కంపెనీ వద్దంది. గిటార్ బృందాల రోజులు చెల్లిపోతున్నాయని డెక్కా పెద్దమనిషి డిక్ రో సెలవిచ్చాడని బీటిల్స్ మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ తన పుస్తకంలో రాశాడు. నేనలా అనలేదు మొర్రో అని డిక్ రో మొత్తుకున్నాడు. అన్నాడో లేదో గాని, వాళ్ళను పంపేసి డెక్కా తీసుకున్నది బ్రయన్ పూల్ అండ్ ద ట్రెమెలోస్‌ని, అంటే ఇంకో గిటార్ బృందాన్నే! మరుసటేడు అదే డిక్ రో, బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ చెప్పిన మాట పట్టుకుని రోలింగ్ స్టోన్స్‌తో ఒప్పందం రాయించుకున్నాడు. తిప్పి పంపిన కుర్రాడే ఆయన పరువు నిలబెట్టాడు.

1991 సెప్టెంబరులో నిర్వాణా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' వచ్చినప్పుడు కంపెనీ అమెరికా దుకాణాలకు మొదట పంపిన కాపీలు సుమారు 46 వేలు. 1992 జనవరిలో ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని బిల్‌బోర్డ్ మొదటి స్థానం నుంచి దింపింది. అప్పుడందరూ అలాంటి బృందాలను వెతుక్కుంటూ సియాటిల్ టికెట్లు కొన్నారు. 1997లో ఇంకో పంచాంగం: ఇక గిటార్లు అటకెక్కుతాయి, భవిష్యత్తంతా ఎలక్ట్రానికాదే. ప్రాడిజీ ఆల్బమ్ అమెరికాలో దిగడమే మొదటి స్థానంలో దిగేసరికి జోస్యులు మీసం దువ్వారు. యూటూ అంతటి బృందం కూడా ఆ ఏడు డ్యాన్స్ క్లబ్బుల చప్పుళ్ళు అద్దుకుని 'పాప్' అనే ఆల్బమ్ తెచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి అమెరికా రేడియోలో మోగినవాళ్ళెవరు? బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, లింప్ బిజ్‌కిట్. ఏ పంచాంగంలోనూ ఈ రెండు గ్రహాల ఊసు లేదు. 2002లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ద వైన్స్ బొమ్మ వేసి, రాక్ తిరిగొచ్చిందని ముఖచిత్రం మీద చాటింపు వేసింది. తిరిగొచ్చినవాడు మళ్ళీ ఎప్పుడు వెళ్ళాడో మాత్రం ముఖచిత్రాలకు ఎక్కలేదు.

లింప్ బిజ్‌కిట్ పేరెత్తాం కనక ఆ గ్రహానికి బలం ఎక్కడిదో కూడా చూడాలి. 1998లో వాళ్ళ రికార్డు కంపెనీ ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక రాక్ స్టేషన్‌కు 5 వేల డాలర్లిచ్చి ఒకే పాటను 50 సార్లు వేయించింది. పాటకు వంద డాలర్లు. ఇది సొమ్ము తీసుకుని వేస్తున్న పాట అని ముందే ప్రకటన చేశారు గనక చట్టానికి అభ్యంతరం లేకపోయింది. పాట పేరు 'కౌంటర్‌ఫీట్', అంటే నకిలీ. పేరు పెట్టడంలో మాత్రం నిజాయతీ చూపారు.

"శ్రోతలు అడుగుతారు, మేం వేస్తాం." రేడియోవాళ్ళు డెబ్బై ఏళ్ళుగా చెబుతున్న మాట ఇది. వినయం ఉట్టిపడే మాట, పూజారి ప్రసాదం పెడుతున్నంత భక్తిగా చెబుతారు. 1950ల మొదట్లో ఒమాహా నగరంలో టాడ్ స్టోర్జ్ అనే స్టేషన్ యజమాని, హోటల్లో జనం జ్యూక్‌బాక్స్‌లో చిల్లర వేసి అదే పాటను మళ్ళీ మళ్ళీ పెట్టించుకోవడం చూసి, రేడియోలోనూ అలాగే కొన్ని పాటలే తిప్పి తిప్పి వేద్దామనుకున్నాడని కథ. టాప్ 40 పుట్టుకకు చెప్పుకునే స్థలపురాణం ఇది. ఇందులో చిన్న తేడా ఉంది. జ్యూక్‌బాక్స్‌లో చిల్లర వేసింది వినేవాడు. రేడియోలో ఎవరు వేశారు?

1955లో చక్ బెర్రీ మొదటి రికార్డు 'మేబెలిన్' వచ్చింది. రచయితల వరుసలో బెర్రీ పక్కన అలన్ ఫ్రీడ్ పేరు కూడా ఉంది. ఫ్రీడ్ ఆ పాటలో ఒక్క ముక్క రాయలేదు. ఆయన రేడియో జాకీ, అంతే. పాట ఎంత మోగితే ఆయన వాటా అంత పెరుగుతుంది, వాటా పెరిగే కొద్దీ పాట ఇంకా మోగుతుంది. ఆ పేరు చెరిపేయడానికి 1986 దాకా పట్టింది. మన ఊరి కాంట్రాక్టర్లు ఇది వింటే కళ్ళు చెమర్చుకుంటారు. ఆమ్యామ్యాను కవరులో పెట్టి ఇవ్వడమే తప్ప, లబ్ధిదారుడిని ఏకంగా కవిని చేసేయవచ్చని వాళ్ళకు తట్టలేదు.

ఫ్రీడ్‌ని పూర్తిగా తిట్టడానికి నాకు నోరు రాదు. నల్లవాడైన లిటిల్ రిచర్డ్ పాటను తెల్లవాడైన పాట్ బూన్ చేత శుభ్రంగా ఇస్త్రీ చేయించి వినిపించే మర్యాదస్తుల కాలంలో, నల్లవాళ్ళ రికార్డులను నల్లవాళ్ళ గొంతుతోనే తెల్ల పిల్లలకు వినిపించినవాడాయన. చివరికి శిక్ష పడిందీ ఆయనకే. 1960లో అమెరికా కాంగ్రెస్ చెప్పకుండా డబ్బు తీసుకుని పాట వేయడాన్ని నేరం చేసింది. 1962లో ఫ్రీడ్ తప్పు ఒప్పుకుని 300 డాలర్ల జరిమానా కట్టాడు, 1965లో పోయాడు. ఆ నేరం ఆయనతో పోలేదు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తో కోటి డాలర్లకు రాజీ పడింది. ఆరోపణ అదే, స్టేషన్లకు బహుమతులూ విహారయాత్రలూ ఇచ్చి పాటలు వేయించుకున్నారని.

ఇంత జరిగాక రేడియో శాస్త్రీయమైపోయింది. ఇప్పుడెవరి ఇష్టాయిష్టాలతోనూ పని లేదు, అంతా పరిశోధనే. హోటల్ హాలులో కొంతమందిని కూర్చోబెట్టి వరసగా కొన్ని వందల పాటలు వినిపిస్తారు. పాటంటే పాట కాదు, అందులో బాగా తెలిసిన ముక్క, ఏడెనిమిది సెకండ్లు. దాన్నే వాళ్ళు హుక్ అంటారు. తెలుసా, నచ్చిందా, విసుగొచ్చిందా? మార్కులు వేయండి, తర్వాతి ముక్క. ఫోన్ చేసి అడిగే పద్ధతీ ఉంది. ఇందులో ఎప్పుడూ నెగ్గేది ముందే తెలిసిన పాట. ఎప్పుడూ విననిదానికి ఏడు సెకండ్లలో మార్కులు వేయమంటే ఎవడు వేస్తాడు? త్యాగరాజస్వామి కృతి అయినా అనుపల్లవి దాకా ఆగాలి కదా. అలా నెగ్గిన పాటలనే క్లాసిక్ రాక్ స్టేషన్లు ఏళ్ళ తరబడి తిప్పుతాయి. వాటిని విన్న జనాన్నే మళ్ళీ హోటల్‌కి పిలిచి మార్కులు వేయిస్తారు. ఇలా రాక్‌ని కదలకుండా కూర్చోబెట్టినవాళ్ళే, పాపం, ఇదేమిటి ఎటూ పోవడం లేదని దిగులుపడి, ఎటు పోతోందో చెప్పమని జోస్యులను పిలుస్తారు.

1996లో క్లింటన్ సంతకం చేసిన టెలికమ్యూనికేషన్స్ చట్టం ఈ దిగులును దేశవ్యాప్తం చేసింది. అంతకు ముందు ఒక కంపెనీ చేతిలో దేశం మొత్తం మీద 40 స్టేషన్లకు మించి ఉండకూడదు. ఆ హద్దు ఎత్తేశాక క్లియర్ చానెల్ ఒక్కటే 1,200 దాకా పోగేసింది. ఒక ఊళ్ళో కూర్చున్న జాకీ ఇంకో ఊరివాళ్ళకు శుభోదయం చెప్పి, చూడని వానను గురించి జోకులేయడం అప్పుడే మామూలైంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ఇప్పుడు వేయకుంటే మంచిదంటూ సుమారు 165 పాటల జాబితా ఆ కంపెనీ స్టేషన్లలో తిరిగింది. అందులో జాన్ లెనన్ 'ఇమాజిన్' కూడా ఉంది. అది నిషేధం కాదు, కేవలం సలహా అని కంపెనీ వివరణ ఇచ్చింది. ఆ కంపెనీ పేరు మార్చుకుని 2018లో దివాలా పిటిషన్ వేసింది. తన జాతకం మాత్రం ఏ జోస్యుడినీ అడిగినట్టు లేదు.

మన దగ్గర ఈ బాధ లేదని హైదరాబాద్, విజయవాడ ఎఫ్ఎమ్ శ్రోతలు మురిసిపోనక్కర్లేదు. మన రేడియోలో రాక్ లేకపోయినా ఆడియో ఫంక్షన్లలో రాక్‌స్టార్లకు లోటు లేదు. వారం రోజుల్లో విడుదలయ్యే సినిమా పాట ఆటోలో ఎక్కి, సిగ్నల్ దగ్గర పక్క కారులోకి దూకి, మనకంటే ముందే ఇంటికి చేరుతుంది. దాన్ని కూడా శ్రోతలే అడిగారట.

వినేవాడు నిజంగా అడిగితే ఏమవుతుందో మనకు ఒకసారి తెలిసింది. 1952లో కేంద్ర మంత్రి కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణి గుమ్మం బయట నిలబెట్టాడు. జనం శాస్త్రీయ సంగీతం వైపు తిరుగుతారని ఆయన జోస్యం. జనం రేడియో ముల్లు తిప్పారు, సిలోన్ స్టేషన్ వైపు. ఆ స్టేషన్‌లో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షీ పొన్నుదురై గొంతు మన పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. 1957 అక్టోబరులో ప్రభుత్వమే దిగొచ్చి వివిధ భారతి పెట్టింది. పదేళ్ళకు బ్రిటన్ ఇదే వేషం కట్టింది. బీబీసీ పెట్టని పాప్ పాటల కోసం కుర్రకారు సముద్రంలో ఓడల మీంచి వచ్చే రేడియో కెరొలిన్ లాంటి దొంగ స్టేషన్లు వింటుంటే, 1967 ఆగస్టులో చట్టం తెచ్చి వాటి నోరు నొక్కారు. సెప్టెంబరు 30న బీబీసీ రేడియో 1 మొదలైంది, ఆ ఓడల్లో పనిచేసిన టోనీ బ్లాక్‌బర్న్ గొంతుతోనే!

అసలు రాక్ ఎటు పోవాలో నేనే చెబుతానని బయల్దేరిన జాకీ కూడా ఉన్నాడు. షికాగోలో స్టీవ్ డాల్ పనిచేసే స్టేషన్ 1978 చివర్లో రాక్ మానేసి డిస్కోకి మారింది, ఆయన ఉద్యోగం ఊడింది. ఇంకో రాక్ స్టేషన్‌లో చేరి, 1979 జూలై 12న బేస్‌బాల్ మైదానంలో డిస్కో దహనం పెట్టాడు. ఒక డిస్కో రికార్డు, 98 సెంట్లు తెస్తే ప్రవేశం. అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా జనం వచ్చారు. రెండు మ్యాచ్‌ల మధ్య రికార్డుల పెట్టెను పేల్చేసరికి వేలమంది మైదానంలోకి దూకారు, పచ్చిక కాలింది, ఆతిథ్య జట్టు రెండో మ్యాచ్‌ను ఆడకుండానే ఓడిపోయింది. ఇంతకీ ఆ ఏడాది మొదట్లోనే రాక్ గాయకుడు రాడ్ స్టువర్ట్, రాక్ క్లబ్బుల్లో పుట్టిన బ్లాండీ డిస్కో తాళంతోనే అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి కూర్చున్నారు. రాక్ వెళ్ళిన దారికే వీళ్ళు నిప్పు పెట్టారు. దహనం జరిపించిన స్టేషన్‌ను 2018లో ఒక క్రైస్తవ సంస్థ కొనుక్కుంది. ఇప్పుడు ఆ స్టేషన్ 97.9 ఎఫ్ఎమ్‌లో భక్తి గీతాలు వస్తాయి.

ఇక తాజా పంచాంగం. 2025 ఫిబ్రవరి గ్రామీల్లో ఉత్తమ రాక్ ఆల్బమ్ బహుమతి రోలింగ్ స్టోన్స్‌కి వచ్చింది. మిక్ జాగర్‌కి, కీత్ రిచర్డ్స్‌కి అప్పటికి ఎనభై ఒకటి. సహస్ర చంద్ర దర్శనం చేయించాల్సిన వయసు. ఉత్తమ రాక్ ప్రదర్శన బహుమతి 1970లో విడిపోయిన బీటిల్స్‌కి. ఆ పాటలో పాడిన జాన్ లెనన్ 1980లోనే హత్యకు గురయ్యాడు. పాత క్యాసెట్‌లోని ఆయన గొంతును పియానో చప్పుడు నుంచి కంప్యూటర్ విడదీసి ఇచ్చింది. పాట బాగుంది, ఆ మాట దాచను. కానీ కొత్తగా వస్తున్నవాడెవడని బల్ల గుద్ది అడిగే జోస్యులందరికీ గ్రామీలిచ్చే అకాడమీ చూపించిన కొత్తవాళ్ళు వీళ్ళు.

అదే ఏడాది వేసవిలో ద వెల్వెట్ సన్‌డౌన్ అనే బృందం స్పాటిఫైలో నెలకు పది లక్షలమంది శ్రోతలను దాటింది. డెబ్బైల నాటి రాక్ వాసన, పొడుగు జుట్లు, మసక వెలుతురు ఫోటోలు. పాటలూ గొంతులూ ఫోటోలూ కృత్రిమ మేధ సాయంతో చేసినవేనని తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు. వాళ్ళే అంటే ఎవరని అడక్కండి. కిస్ వాళ్ళు కూడా ఆఖరి కచేరీ చివర ఇకపై తమ బదులు డిజిటల్ బొమ్మలు పాడతాయని చెప్పి దిగిపోయారు. పోర్ట్‌లాండ్‌లో, ఆ వంద డాలర్ల పాట మోగిన ఊళ్ళోనే, 2023లో ఒక స్టేషన్ జాకీ కుర్చీలో కొన్ని గంటలపాటు కృత్రిమ గొంతును కూర్చోబెట్టింది. ఏ పాట తర్వాత ఏ పాటో చెప్పే పని ఎప్పుడో సాఫ్ట్‌వేర్ చేతికి పోయింది. పాడేది యంత్రం, వేసేది యంత్రం, మధ్యలో మాట్లాడేది యంత్రం. హోటల్ హాల్లో కూర్చుని ఏడు సెకండ్లకో మార్కు వేసే శ్రోత ఒక్కడే ఇంకా మనిషి. అతనికి నెల జీతం, బీమా ఏమీ ఇవ్వక్కర్లేదు గనక ప్రస్తుతానికి అతని జోలికి ఎవరూ రాలేదు.