సాయంత్రపు మేత: ఒక నల్లపాడు నాటుపెట్ట ఆత్మకథ

గుంటూరుకు పడమటి అంచున, గుంతకల్లు వైపు, నడికుడి వైపు రైలుదారులు విడిపోయే నల్లపాడులో, గేదెల పాక పక్కన గంప కింద రాత్రి గడిపి తెల్లవారగానే పెరట్లోకి దిగే ఒక నాటుకోడి పెట్ట తన బతుకును తానే చెప్పుకుంటున్న కథ ఇది. ఈ బతుకులో సొంత విశేషాలకంటే తన జాతికంతటికీ చెందిన సంగతులే ఎక్కువ కాబట్టి, చెప్పే ప్రాణి తనను తాను ‘ఈ పెట్ట’ అనే పేర్కొంటుంది. చెప్పదలచిన ముఖ్య విషయం మేత గురించి: ఇంటివారు విదిలించే గుప్పెడు గింజలు ఏవి, ఏ వేళకు పడాలి, ఎవరి ముందు పడాలి అన్నది.

పెరటికోడి కాళ్లతో గీరి, ముక్కుతో వెతికి సంపాదించుకునే ఆహారాన్ని తిరుగుడు మేత అనీ, మనిషి చేతి నుంచి అందేదాన్ని అదనపు మేత అనీ అనుకుంటే, ఈ పెట్ట కడుపు నిండేది ప్రధానంగా మొదటిదానితోనే. పెంటదిబ్బలో పురుగులు, గరిక చివుళ్లు, రాలిన గింజలు, అంట్లు తోమేచోట మెతుకులు, పశువుల తొట్టి చుట్టూ చిందిన తవుడు అందులోకి వస్తాయి. 1990ల తొలి సంవత్సరాల్లో శ్రీలంక గ్రామాల కోళ్ల మేతసంచులను, అంటే మింగిన ఆహారం గొంతు కింద నిలిచే తిత్తులను, విప్పి పరిశీలించిన శాస్త్రజ్ఞులకు వాటిలో సగానికి మించి ఇళ్ల నుంచి పారేసిన అన్నం, వంటింటి వ్యర్థాలే కనిపించాయి. పురుగులు, పచ్చిక వాటితో పోలిస్తే తక్కువే. పెరటికోడి తన తిండి తానే చూసుకుంటుందన్న మాటలో కొంత నిజమున్నా, ఆ తిండి ఇంటి ఎంగిలి మీద ఎంతగా ఆధారపడి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

నాటుకోడి గుడ్డు దాదాపు 40 గ్రాములు తూగుతుంది. అందులో మాంసకృత్తులు 5 గ్రాముల దాకా ఉంటాయి; పెంకు సుమారు 4 గ్రాములుంటే అందులో కాల్షియమే ఒకటిన్నర గ్రాముల వరకు ఉంటుంది. ఉదయం గంప ఎత్తగానే చల్లే నూకలు 30 గ్రాములనుకున్నా, వాటిలో మాంసకృత్తులు రెండు గ్రాములకు కాస్త పైన, కాల్షియం నాలుగైదు మిల్లీగ్రాములకు మించదు. అంటే నూకలు పెట్టకు తిరగడానికి ఓపికనిస్తాయి గానీ గుడ్డుకు కావలసిన సరుకును ఇవ్వవు. మాంసకృత్తుల లోటును పురుగులు కొంత తీరుస్తాయి. పెంకు లోటును తీర్చేది పెరట్లో దాదాపు ఏదీ లేదు.

పైగా పెంకు తయారయ్యే వేళ వేరు. పచ్చసొన అండాశయం నుంచి విడివడ్డాక గుడ్డు బయటపడటానికి ఒక రోజుకు కాస్త అటూ ఇటూగా పడితే, అందులో సుమారు 20 గంటలు పెంకు పేరడానికే సరిపోతాయి, ఆ పనిలో అధికభాగం పెట్ట నిద్రపోతున్న రాత్రివేళ సాగుతుంది. పొద్దున తిన్నది అప్పటికి అరిగి ఖాళీ అయిపోతుంది. అప్పుడు దేహం తన ఎముకల్లోకి చేయి పెడుతుంది: గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే ఎముకల బోలులో పేరుకునే ఒక ప్రత్యేకమైన ఎముక కరిగి, రక్తంలో కలిసి, పెంకుగా మారుతుంది. రోజూ కరగడమే తప్ప తిరిగి నిండడం లేకపోతే పెంకు పలచబడుతుంది, గంపలో గడ్డి మీద వేలితో నొక్కితే లోపలికి పోయే తోలుగుడ్డు కనిపిస్తుంది. అలాంటి గుడ్డు పెట్టిన పెట్ట ఆ రోజంతా రెక్కలు వేలాడేసుకుని గోడవార నిలబడటం ఇల్లాళ్లకు కొత్త కాదు. దిష్టి తగిలిందని ఉప్పు తిప్పి పోసేవారూ ఉన్నారు. కానీ కారణం సున్నం చాలకపోవడం కావచ్చునని ఈ పెట్ట చెప్పదలచుకుంది.

అందుకే అదనపు మేతలో ప్రధానమైన వంతు సాయంత్రం, గంప కిందికి చేరే ముందు పడాలి. పొద్దున ఎక్కువగా వేస్తే పెట్ట వాకిలి వదలదు, దొరికే పురుగును వదులుకుంటుంది. సాయంత్రం వేస్తే పగలంతా తిరిగి సంపాదించుకుంటుంది, చీకటి పడకముందే ఇంటికి చేరుతుంది, ఆ రాత్రి పెంకుకు కావలసింది కడుపులో ఉంచుకుని పడుకుంటుంది. సున్నం గింజల్లో కలపనక్కరలేదు. ఒక మూకుడులో విడిగా పెడితే గుడ్డు పెట్టే కోడి తనకు కావలసినంత తానే ఏరుకుంటుంది. చీరాల, నిజాంపట్నం తీరాల నుంచి వచ్చే ఆల్చిప్పలనైనా, సున్నపురాయికి పేరుపడ్డ పిడుగురాళ్ల వైపు దొరికే పచ్చిరాతినైనా జొన్నగింజంత పలుకులుగా దంచి పెట్టవచ్చు. పలుకులు కందనకాయలో, అంటే గింజను నూరే కండర సంచిలో, నిలిచి మెల్లగా కరుగుతాయి కాబట్టి పొడికంటే రాత్రంతా పనికొస్తాయి. బట్టీలో కాల్చిన సున్నం మాత్రం పెట్టకూడదు. అది నోరు, పేగులు పొక్కిస్తుంది.

నల్లరేగడి నేలలో ఏ రెండు నెలలూ ఒక్కలా ఉండవు. తొలకరి పడ్డ సాయంత్రం దీపాల చుట్టూ ముసిరి తెల్లారేసరికి రెక్కలు రాల్చుకుని పడి ఉండే ఉసిళ్లు ఈ పెట్టకు పెద్ద పండుగ. ఆ రోజుల్లో పురుగుకు కొదవ ఉండదు గానీ గింజ కరువు, కాబట్టి అప్పుడు నూకలో, జొన్నలో, సజ్జలో వేయడం న్యాయం. ఎండాకాలంలో పరిస్థితి తారుమారవుతుంది: పచ్చిక మాడి, పురుగు నేల లోతుకు పోయినప్పుడు గింజలు వేసినంతమాత్రాన సరిపోదు, వేరుశనగ చెక్కో, ఉప్పు తక్కువగా ఉన్న ఎండుచేపల పొడో కొద్దిగా కలపాలి. ఎండకు నోరు తెరిచి వగర్చే కోడి ఆ వగర్పులో బొగ్గుపులుసు గాలిని ఎక్కువగా వదిలేస్తుంది, దానితో రక్తంలోని సమతూకం మారి పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. మే నెల గుడ్డు పలచగా ఉండటానికి తిండి తగ్గడంతో పాటు ఇదీ ఒక కారణం. ఆ నెలల్లో నీడన మట్టిమూకుడులో చల్లని నీళ్లు ఉంచడం మేతలో భాగమే.

మాఘ ఫాల్గుణాల్లో కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నప్పుడు, వాటి మధ్య కోళ్లు తిరుగుతూ పగిలిన కాయల్లోంచి గింజలు ఏరుకోవడం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. మిరప ఘాటును పసిగట్టే గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. అదే శాస్త్రజ్ఞుడు తన సహచరుడితో కలిసి 2002లో చూపించింది, కోడిలోని ఆ గ్రాహకం మిరప మంటకు స్పందించదని. గుంటూరు కారానికి మనుషులు చెమటలు కక్కుతారు గానీ ఈ పెట్టకు ఆ గింజ మామూలు గింజే. కాయ తొక్కలోని ఎర్రరంగు పచ్చసొనలోకి చేరి దాన్ని నారింజ వన్నెకు తిప్పుతుంది, మునగాకు, అవిసాకు తిన్నా సొన ముదురుతుంది. అయితే మందు కొట్టిన చేల నుంచి నేరుగా కల్లానికి వచ్చిన కాయలు, తాలు పట్టి బూజెక్కిన కాయలు వేరే సంగతి. వాటి దగ్గరికి కోళ్లను పోనివ్వకపోవడమే మంచిది. పిచికారీ జరిగిన రోజున చేలో చచ్చిపడిన పురుగు కోడికి ఎంత సులువుగా దొరికితే అంత ప్రమాదం.

పత్తి గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. పాలలో వెన్న కోసం గేదెకు నానబెట్టిన పత్తిగింజలు, పత్తిచెక్క పెట్టడం ఈ ప్రాంతపు అలవాటు. తొట్టి అంచున చిందినవాటిని ఈ పెట్ట ఎన్నోసార్లు ఏరుకుంది. పత్తిగింజలో గాసిపాల్ అనే పచ్చని విషపదార్థం ఉంటుంది. ఎదిగిన పశువు తొలిపొట్టలో దాని తీవ్రత చాలావరకు తగ్గుతుంది, కోడికి అలాంటి పొట్ట లేదు. అది పచ్చసొనలోని ఇనుముతో కలిసి, గుడ్డును కొన్నాళ్లు నిలవ ఉంచితే సొనను ఆలివ్ ఆకుపచ్చకు, గోధుమ వన్నెకు మారుస్తుంది. ఆ గింజ నూనెలో ఉండే మరో రకం కొవ్వు తెల్లసొనను గులాబీ రంగుకు తిప్పుతుంది. గుడ్డు పాడైందని పారేసే ఇళ్లలో తప్పు తొట్టిదని ఎవరికీ తోచదు. తొట్టి చుట్టూ ఊడ్చి, కోడికి వేరే చోట మేత వేయడం ఇందుకు తేలికైన మార్గం. ఇక మందు పట్టించి రంగు పూసిన విత్తనాల సంచులు కోడికి అందకుండా దాచాలని వేరే చెప్పనవసరం లేదు.

పల్నాటి చరిత్రలో కోడిపందేనికి ఉన్న చోటు అందరికీ తెలుసు. పుంజుల రంగు, గడియ, దిక్కు చెప్పడానికి కుక్కుటశాస్త్రమే పుట్టింది. సంక్రాంతి బరిలోకి దిగే పుంజుకు బాదంపప్పు, కైమా తినిపించే ఊళ్లలో, ఏడాది పొడవునా ఇంటికి గుడ్డునిచ్చే పెట్ట మేత గురించి అంతటి శ్రద్ధ ఎప్పుడూ లేదు. ఇది ఈ జాతికి జరిగిన అన్యాయమని చెప్పడానికి సంకోచం అక్కరలేదు.

2012లో నల్లపాడు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. అంతకన్నా ఎక్కువగా ఈ పెట్టను తాకిన మార్పు బియ్యంలో వచ్చింది. వడ్లు మరపట్టించి తెచ్చుకున్నప్పుడు ఇంట్లో తవుడు, నూకలు, చేటలో చెరిగిన గింజలు మిగిలేవి. నూకలేరిన సంచి బియ్యం వచ్చాక చేటలో మిగిలేదేమీ లేదు, అదనపు మేత కొనవలసిన వస్తువైంది. కొంటున్నప్పుడు నూకలు, జొన్నలు కలిపి మూడు వంతులు, తవుడు ఒక వంతు, పైన కొద్దిగా చెక్క చేర్చి, పెట్టకు రోజుకు 30 నుంచి 50 గ్రాముల లోపు వేస్తే సాధారణంగా చాలు. తవుడు తాజాగా ఉండాలి, అందులోని నూనె త్వరగా ముక్కుతుంది. చెక్క మీద బూజు వాసన ఉంటే వదిలేయాలి: 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపింది బూజు పట్టిన వేరుశనగ చెక్కే, అఫ్లటాక్సిన్ అనే విషాన్ని లోకం గుర్తించింది ఆ నష్టం తర్వాతే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలక కార్యాలయం పెరటి పెంపకానికని రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు నాటుకోడికన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి కాబట్టి వాటికి మేత కూడా దానికి తగినంత కావాలి. నాటుకోడికి వేసే గుప్పెడుతోనే వాటిని పోషించాలనుకోవడం పొరపాటు.

నాటుపెట్ట ఏడాదికి 40 నుంచి 60 గుడ్లు మాత్రమే పెట్టడానికి మేత ఒక్కటే కారణం కాదు. పది పదిహేను గుడ్లు పెట్టాక పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులు లేవదు, పిల్లలు దిగాక రెండు నెలలకు పైగా వాటి వెంటే తిరుగుతుంది; ఆ కాలంలో గుడ్డు ఉండదు. పొదుగులో ఉన్నప్పుడు రోజుకోసారి లేచే కాసేపట్లో గింజ, నీళ్లు దగ్గరగా ఉంటే గుడ్లు చల్లబడకముందే తిరిగి కూర్చోగలుగుతుంది. పిల్లలకు మేతను ఆరుబయట చల్లితే పుంజులు, పొరుగింటి కోళ్లు ముందు ముక్కు పెడతాయి; పిల్లలు మాత్రమే దూరగలిగే సందులున్న గంప బోర్లించి, దాని కింద నూకలు, చెదపురుగులు, కొద్దిగా చేపపొడి పెడితే గద్దకు, పిల్లికి దొరకకుండా త్వరగా ఎదుగుతాయి. అలా ఎదిగిన పిల్లలను నెలన్నరకే తల్లి నుంచి విడదీసి పెంచగలిగితే, తల్లి మళ్లీ కొత్త దఫా గుడ్లకు ముందుగానే సిద్ధమవుతుంది.