ఎవరి తాలూకు?

"ఏటి చేస్తావురా నువ్వు?" అని ఉక్కునగరంలో ఉండే మా పిన్ని పండక్కి వెళ్లినప్పుడల్లా అడుగుతుంది.

"చిప్పుల నెట్‌లిస్టులు చూస్తాను పిన్నీ."

"చూస్తే జీతమిస్తారా?"

నెట్‌లిస్ట్ అంటే సర్క్యూట్ బొమ్మ కాదు, చుట్టరికాల చిట్టా. 'ఆర్1 2 0 1కె' అని ఉందనుకోండి. ఆర్1 అనే వెయ్యి ఓముల రెసిస్టర్‌కి ఒక కొస 2వ నోడ్‌తో, రెండో కొస సున్నాతో కలిసిందని అర్థం. నోడ్ అంటే తీగలు కలిసే చోటు, సున్నా అంటే గ్రౌండు. ఎవరు ఎక్కడున్నారు, ఎంత దూరంలో ఉన్నారు అన్నది దానికి అక్కర్లేదు. ఎవరికెవరు ఏమవుతారో తెలిస్తే చాలు.

ఈ చిట్టా చదివి సర్క్యూట్ ఎలా నడుస్తుందో లెక్కగట్టే స్పైస్ అనే ప్రోగ్రాం 1973లో బర్క్‌లీ నుంచి వచ్చింది. దాని పెంకితనం నాకు కాలేజీలోనే తెలిసింది. మొదటి పంక్తిని అది శుభలేఖ మీది 'శ్రీరస్తు'లా చూస్తుంది. అక్కడ ఏం రాసినా శీర్షికే. నేను అక్కడ బ్యాటరీ రాశాను. తెల్లవార్లూ కరెంటు రాలేదు, పాపం ట్రాన్సిస్టర్‌ని తిట్టాను. ఇంకోసారి పదిలక్షల ఓములకని 'ఎం' అక్షరం పెడితే, మిల్లీ అనుకుని ఓములో వెయ్యోవంతు ఇచ్చింది. పోర్టుకెళ్లి ఓడ అడిగితే కాయితప్పడవ చేతిలో పెట్టినట్టు! మెగా కావాలంటే 'మెగ్' అని రాయాలట.

గ్రౌండుకి ఏ దారీ లేని నోడ్ కనిపిస్తే మాత్రం స్పైస్ అడుగు ముందుకెయ్యదు. ఈ సంగతి నాకు పుస్తకంలో కన్నా గాజువాకలో బాగా అర్థమైంది. పక్కపక్కనే రెండు కళ్యాణమండపాలు. నేను తప్పుదాంట్లో దూరి, విస్తరి ముందు కూర్చుని, బూరె కొరికాక ఎదుటి ముసలమ్మ అడిగింది.

"ఎవరి తాలూకు బాబూ?"

"పెళ్లికూతురి తాలూకు" అని పేరు చెప్పాను.

"మా పిల్ల పేరు అది కాదే!"

లేవబోయాను.

"కూకో. మీదేవూరు?"

"అనకాపల్లి. మా పిన్నివాళ్లు ఉక్కునగరంలో ఉంటారు" అని వాళ్ల ఇంటిపేరు చెప్పాను.

"మీ పిన్ని తోటికోడలు చోడవరం పిల్ల కదూ? దాని అన్నే మా పెళ్లికొడుక్కి మేనమామ."

మూడు పంక్తుల్లో గ్రౌండు దొరికింది. ముసలమ్మ వడ్డించేవాడి వైపు తిరిగి కేకేసింది.

"ఒరే, ఇక్కడ ఇంకో రెండు బూరెలెయ్యి. మనోడే!"