రెండు వైర్లే కదా!

మన దేశంలో కాంపాక్ట్ ఎస్‌యూవీ రెండుసార్లు తయారవుతుంది. మొదటిసారి ఫ్యాక్టరీలో. రెండోసారి కొన్నాయన అపార్ట్‌మెంటు సెల్లారులో, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక. మొదటి తయారీకి ఇంజినీర్లు, క్రాష్ టెస్టులు, ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి. రెండోదానికి ఒక టెస్టరు, నల్ల టేపు చుట్ట, ఒక యూట్యూబ్ వీడియో ఉంటే చాలు. వీటన్నిటికీ ముందు ఒక మంత్రం కావాలి: "రెండు వైర్లే కదా!"

ఈ మంత్రం చదివే పెద్దమనిషి మీకూ తెలిసే ఉంటాడు. క్రెటా కానీ, నెక్సాన్ కానీ, బ్రెజా కానీ, ఆయన కొనేది మధ్యరకం వేరియంటు. టాప్ ఎండ్‌కి పోకుండా డబ్బు మిగిల్చానని బంధువులందరికీ చెప్పుకుంటాడు. ఆ తర్వాత స్టీరింగ్ పక్కన వెక్కిరిస్తున్నట్టుండే డమ్మీ స్విచ్చుల మీదికి దృష్టి పోతుంది. ఇక మిగిల్చిన డబ్బుకు మూడినట్టే. రాణీగంజ్‌లో ఫాగ్ లైట్లు, ఆన్‌లైన్‌లో పది అంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీను, విజయవాడ ఆటోనగర్ వెళ్లినప్పుడు జంట హారన్లు.

ఇందులో కంపెనీల పాపం లేదనను. సన్‌రూఫ్ కావాలన్నవాడికి అక్కర్లేని మరో పది తగిలించి లక్షలు గుంజడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. బీఎండబ్ల్యూ అయితే కొన్ని దేశాల్లో కారు సీట్లలో హీటర్లు బిగించే ఉంచి, అవి పనిచేయాలంటే నెలనెలా చందా కట్టమంది. 2022లో అందరూ దుమ్మెత్తిపోశారు, 2023లో ఆ ఆలోచన మానుకుంది. కాబట్టి కొన్నవాడి కడుపుమంట నాకు అర్థమవుతుంది. కాకపోతే కడుపుమంట వేరు, వైరు మంట వేరు.

ఫ్యూజు సంగతే తీసుకోండి. కంపెనీ 55 వాట్ల బల్బులు రెంటికి లెక్కగట్టి ఫాగ్ లైట్ల వైరు వేసింది. పన్నెండు వోల్టుల దగ్గర అది తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. మన సెల్లారు ఇంజినీరు గారు 100 వాట్లవి పెట్టారు. అంటే దాదాపు 17 ఆంపియర్లు. నీలం రంగు 15 ఆంపియర్ల ఫ్యూజు ఠప్పున పోయింది. బుద్ధిగా తన పని తను చేసి పోయింది పాపం. ఆయన దాన్ని గోటితో పీకి, వెలుతురుకు ఎత్తి చూసి, "నాసిరకం" అని తీర్పు చెప్పి, ఆకుపచ్చది, 30 ఆంపియర్లది గుచ్చారు. పాత ఇళ్లలో కిట్‌క్యాట్ ఫ్యూజుకు నాలుగు పోగుల రాగితీగ చుట్టి "ఇక జన్మలో పోదు" అన్న తాతగారి వారసుడు మరి! ఫ్యూజు ఇప్పుడు నిజంగానే పోదు. పోవాల్సి వస్తే వైరు పోతుంది. దాని చుట్టూ ప్లాస్టిక్కూ, ఫోమూ ఉంటాయి.

రిలే వేసి, బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజుతో సరైన మందం వైరు లాగితే ఈ గొడవే ఉండదు. కానీ రిలేకి నాలుగు కాళ్లుంటాయి. వీడియోలో చెప్పింది రెండు వైర్లే.

ఇండికేటర్ల కథ ఇంకా రసవత్తరం. కరెంటు ఆదా అవుతుందని మామూలు బల్బులు తీసి ఎల్ఈడీలు పెట్టారు. అవి మరీ తక్కువ కరెంటు తాగేసరికి బండి కంప్యూటరు బల్బు మాడిపోయిందనుకుని ఇండికేటర్ను టకటకా కొట్టిస్తుంది. దీనికి విరుగుడుగా ఆరు ఓముల రెసిస్టరు ఒకటి బజారులో దొరుకుతుంది. బల్బు పక్కన దాన్ని తగిలిస్తే, వెలిగినంతసేపు రెండు ఆంపియర్లు లాగి, 24 వాట్లు ఉత్త వేడిగా ఊదిపారేస్తుంది. ఎల్ఈడీతో మిగిల్చిన కరెంటు మొత్తాన్నీ పక్కనే కూర్చోబెట్టి కాల్చేయడమన్నమాట! చెయ్యి పెడితే చురుక్కుమనే ఆ రెసిస్టరును తీసుకెళ్లి బంపరు ప్లాస్టిక్కుకే టేపుతో అంటిస్తారు.

హెడ్‌లైట్ల జోలికి పోతే పాపం ఎదుటివాడికి చుట్టుకుంటుంది. హాలోజెన్ బల్బులో ఫిలమెంటు ఎక్కడుండాలో మిల్లీమీటర్లలో లెక్కగట్టి రిఫ్లెక్టరు తయారుచేస్తారు. అందులో ఏదో ఒక ఎల్ఈడీ దూరిస్తే వెలుగు చెల్లాచెదురవుతుంది. బండి ముందు నాలుగు గజాలు తెల్లగా మెరిసిపోతుంటే ఆయనకు ఆనందం. విజయవాడ హైవే మీద ఎదురొచ్చే లారీ డ్రైవరుకు మాత్రం కళ్లముందు వినాయకచవితి సీరియల్ సెట్టు. ఆయన తిట్టే తిట్లు ఏసీ వేసుకున్న కారులోకి వినపడవు.

ఇన్ని మార్పుల్లోనూ నాకు కనిపించేది ఒక్కటే. బండి తనకు తెలిసిన చెడువార్త చెప్పబోతుంది, ఈయన దాని నోరు నొక్కుతాడు. సీటుబెల్టు పెట్టుకోమని కీచుమంటే, బెల్టు బదులు దూర్చడానికి ఒక ఉత్త క్లిప్పు. ఇలాంటి క్లిప్పులు అమ్ముతున్న ఐదు పెద్ద ఈ-కామర్స్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో అక్షింతలు వేయాల్సి వచ్చింది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే, చవకరకం బ్లూటూత్ స్కానరు గుచ్చి, కోడ్ ఏమిటో చదవకుండానే చెరిపేసి, "బాగుచేశాను" అనడం. ఆడియో బటన్ల కోసం స్టీరింగు విప్పితే పసుపు కప్లర్లు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకురా అని చెప్పడానికే ఆ రంగు వేశారు. అక్కడా కెలికి ఎయిర్‌బ్యాగు లైటు తెప్పించుకుంటే, బ్యాగు బాగానే ఉందని కంప్యూటరును నమ్మించే చిన్న రెసిస్టరూ బజారులో ఉంది. కంప్యూటరు నమ్ముతుంది. గుద్దుకున్నప్పుడు నమ్మాల్సింది కంప్యూటరు ఒక్కటే కాదు.

సొంతంగా ఏమీ ముట్టుకోకూడదా అంటే, భేషుగ్గా ముట్టుకోవచ్చు. బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లపొడి వేణ్నీళ్లతో కడగండి, నెగెటివ్ ముందు విప్పి చివర్న బిగించండి. పోయిన ఫ్యూజు స్థానంలో అదే రంగుది వేయండి. ఇవన్నీ కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలోనే ఉంటాయి. ఆ పుస్తకం కవరు చింపకుండా గ్లవ్‌బాక్సులో పసుపు కుంకుమతో భద్రంగా ఉంటుంది.

ఆ పుస్తకం తెరవకుండానే డ్యాష్‌క్యామ్‌ను ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపి కుటుంబమంతా రైల్లో తిరుపతి వెళ్లారనుకోండి. 0.3 ఆంపియర్లు లాగినా రోజుకు ఏడు ఆంపియర్-అవర్లు పైనే, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి వారం గడవదు. తిరిగొచ్చేసరికి బండి కిక్కురుమనదు. "కంపెనీ బ్యాటరీ దండగ, పెద్దది వేయిస్తా" అంటారు సార్.

ఆ పెద్ద బ్యాటరీతోనే పోయినవారం అత్తారింటికి బయలుదేరారు. ఊరు దాటాక వెనక సీట్లోంచి ఆవిడ, "ఏమండీ, ఏదో మాడు వాసన వస్తోంది" అంది. ఆయన వెంటనే డ్యాష్‌బోర్డు మీది పెర్‌ఫ్యూమ్ సీసా మూత పూర్తిగా తిప్పి, "ఇప్పుడు?" అన్నారు.