సున్నా కూడా కొలతే

నేను రెయిన్‌గేజిని. అనంతపురం పీఠభూమి మీద ఒక మండల కార్యాలయం ఆవరణలో, సిమెంటు దిమ్మెలో పాతుకుని ఉన్నాను. నా అంచు నేలకు ముప్పై సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంతకంటే పైకి లేపితే గాలి తాకిడి ఎక్కువై, చినుకు లోపల పడకుండా అంచు దాటి ఎగిరిపోతుంది. జూన్, జూలైలలో ఇక్కడ వీచే గాలి ఎంతటిదో రామగిరి కొండల మీది గాలిమరలను చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ పడమటి గాలి అరేబియా సముద్రం నుంచి మోసుకొచ్చే తడిలో పెద్ద భాగం పడమటి కనుమలకే ధారపోసి, మా దాకా వచ్చేసరికి ఉత్త చేతులతో మిగులుతుంది. తూర్పు తీరం దూరం, అందుకని ఈశాన్య రుతుపవనాల వానా మాకు పలచనే. సాధారణంగా ఏడాదికి 552 మిల్లీమీటర్లు. ఈ కాస్త అంకెను నమ్ముకుని ఎర్రనేలల్లో లక్షల ఎకరాల శనక్కాయ వేస్తారు.

నా ఒంటి నిర్మాణం చాలా సాదా. పైన గరాటు, లోపల సీసా. గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లు. ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సీసాలోకి దిగేది 20 మిల్లీలీటర్లు, దగ్గుమందు మూత రెండుసార్లు నింపినంత. అదే మిల్లీమీటరు ఎకరం చేను మీద నాలుగు వేల లీటర్లు.

పొద్దున ఎనిమిదిన్నరకు అటెండరు వస్తాడు. గరాటు ఎత్తి పక్కన పెట్టి, సీసాలోని నీళ్లను కొలగ్లాసులోకి వంచుతాడు. గ్లాసును చదునైన చోట ఉంచి, తాను వంగి, కళ్లను నీటిమట్టానికి సరిగ్గా ఎదురుగా తెచ్చుకుంటాడు. గాజు గోడల వెంబడి నీళ్లు కొంచెం పైకి పాకి ఉంటాయి. నడిమధ్య పల్లం ఏ గీత మీద ఉందో అదే లెక్క. నిలబడి పైనుంచి చూస్తే అంకె మారిపోతుంది. ఆ వంగడాన్ని నేను గౌరవిస్తాను. వానాకాలంలో ఆ వేళకు గేటు దగ్గర రైతు ఎవరో ఒకరు ఉంటారు.

"రాత్రి ఎంత పడిండాదప్పా?"

"పద్నాలుగున్నర."

"పదునుకు చాలదులే. ఇంకో వాన రావల్ల."

వాన పడని రోజు కూడా అటెండరు రావాలి, గరాటు ఎత్తి చూడాలి, రిజిస్టరులో సున్నా వేయాలి. నా జీవితంలో ఎక్కువ భాగం ఈ సున్నాలే. గడి ఖాళీగా ఉంటే ఎవరూ చూడలేదని అర్థం. సున్నా ఉంటే చూశారు, వాన లేదు. కరువు మండలాలను ప్రకటించేటప్పుడు మొత్తం వాన ఒక్కటే చూడరు, వానకూ వానకూ నడుమ బెట్ట ఎన్నాళ్లు నడిచిందో కూడా లెక్కిస్తారు. ఆ బెట్టకు సాక్ష్యం నా సున్నాల వరస. ఎండిన చేను గట్టు మీద నిలబడిన మనిషి మాట చెల్లాలంటే నా పుటలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండకూడదు.

ఎనిమిదిన్నర వేళను ఊరికే పెట్టలేదు. గ్రీనిచ్ గడియారంలో అప్పుడు తెల్లవారుజాము మూడు గంటలు. ప్రపంచంలోని వాతావరణ కేంద్రాలు ఒకేసారి పరిశీలనలు నమోదు చేసే వేళల్లో అదొకటి. భారత వాతావరణ శాఖ 1901 నుంచి దేశపు వానను గడులు గడులుగా పరిచిన లెక్కకు 6,955 కేంద్రాల రికార్డులు ఆధారం. జర్మనీలోని ఒక కేంద్రం 1989 నుంచి భూగోళమంతటి వానమాపకాల లెక్కలను నెలనెలా కూర్చుతోంది. నెల మొత్తం అనేది మా రోజువారీ అంకెల కూడిక. ఒక్క రోజు తప్పినా కూడిక చెడుతుంది.

నేను పుట్టకముందటి మాట ఒకటి చెప్పాలి. 1876–78 నాటి ధాత కరువులో ఈ సీమ ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. ఈ తాలూకాలు బళ్లారి కింద ఉండేవి, 1882లో వేరుచేశారు. వాతావరణ శాఖ 1875లోనే ఏర్పడింది గానీ, వాన ఎందుకు మొగం చాటేసిందో చెప్పగల లెక్క అప్పుడు ఎవరి దగ్గరా లేదు. 1877లో పసిఫిక్ మహాసముద్రం విపరీతంగా వేడెక్కిందని తర్వాతి తరాలు తేల్చాయి. పాత ఓడల చిట్టాలు, పీడనం రికార్డులు, వానలెక్కలు మిగిలి ఉండబట్టే తేల్చగలిగాయి.

1904లో శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. దేశదేశాల పీడనం, ఉష్ణోగ్రత, వాన అంకెలను పక్కపక్కన పేర్చి, గుమాస్తాల చేత లెక్కలు కట్టించాడు. పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, ఇటు పెరిగితే అటు తగ్గుతుందని ఆ లెక్కల్లోంచి బయటపడింది. 1924 నాటికి దానికి దక్షిణ డోలనం అన్న పేరు స్థిరపడింది. తాహితీ, డార్విన్‌ల పీడనాల తేడాతో నేటికీ దాన్ని కొలుస్తున్నారు. వాకర్ పేరు లోకానికి తెలుసు. కాగితం మీద ఆ కూడికలు వేసిన గుమాస్తాలను నేను నా వాళ్లనుకుంటాను.

గాలికి, నీటికి ఉన్న ముడిని 1969లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ విప్పి చూపాడు. మామూలు ఏడాది వాణిజ్య పవనాలు పసిఫిక్‌లోని వేడినీటిని ఇండోనేసియా వైపు తోస్తాయి. గాలి అక్కడ పైకి లేస్తుంది, మబ్బు కడుతుంది. ఆ పవనాలు సడలితే వేడినీరు తూర్పుకు జారుతుంది, మబ్బుల కొలువూ దానితోపాటే కదులుతుంది, మన వైపున గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి మబ్బును ఎదగనివ్వదు. అదే ఎల్‌నినో. మధ్య పసిఫిక్‌లో నీరు సాధారణం కంటే అర డిగ్రీ మించి వేడెక్కి, నెలల తరబడి అలాగే నిలిస్తే అమెరికా నిపుణులు ఎల్‌నినో అంటారు. ఆ అర డిగ్రీని కొలవడానికి అక్కడ లంగరు వేసిన బోయాలున్నాయి. రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి, పది రోజులకోసారి పైకి తేలి కబురు పంపే ఆర్గో ఫ్లోట్లున్నాయి. హిందూ మహాసముద్రంలో అలాంటి ఫ్లోట్లను వదిలి, వాటి కబుర్లు అందుకునే సంస్థల్లో ఒకటి హైదరాబాదులోని ఇన్‌కాయిస్. నేను చూడని సముద్రంలో నాకు చుట్టాలున్నారు.

ఎల్‌నినో అనగానే కరువు ఖాయమని బెంబేలు పడొద్దు. 2002, 2009, 2015లలో దేశానికి వాన తగ్గింది, నిజమే. 2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అన్ని ఆగస్టుల్లోకీ పొడిది, వాన మూడో వంతుకు పైగా తక్కువ. కానీ 1997 ఎల్‌నినో శతాబ్దంలోనే బలమైన వాటిలో ఒకటైనా, ఆ ఏడు దేశంలో సాధారణ వానే కురిసింది. అప్పుడు హిందూ మహాసముద్రపు పడమటి భాగం వేడెక్కి, తూర్పు భాగం చల్లబడి, మనకు కొంత కాపు కాసింది. పసిఫిక్ చెప్పేది అవకాశం మాత్రమే, తేదీ కాదు.

మా సీమకు దేశం సగటు చాలదు, నెల సగటూ చాలదు. ఉమ్మడి అనంతపురం జిల్లాకు సాధారణంగా జూన్‌లో 64 మిల్లీమీటర్లు, జూలైలో 67, ఆగస్టులో 89, సెప్టెంబరులో 118, అక్టోబరులో 111. వాన ఆలస్యంగా పెరిగే సీమ ఇది. శనక్కాయకు మాత్రం జూన్, జూలైలలో విత్తడానికి పదును కావాలి, ఆగస్టులో పూత పూసి ఊడలు దిగేటప్పుడు నేల మెత్తగా ఉండాలి. నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, కాయ కట్టదు. ఆగస్టు వాన అంతా ఒకే రాత్రి కురిసి, మిగతా నెల సున్నాలతో నిండినా నెల పట్టికలో 'సాధారణం' అని పడుతుంది. చేను మాత్రం మాడుతుంది. నా నెల మొత్తాన్ని మాత్రమే చూసి నా రోజులను చూడనివాళ్లకు ఆ మాడు కనిపించదు.

పైగా ఎల్‌నినో ఏడాది అక్టోబరు నుంచి దక్షిణాదిన వాన పెరిగే అవకాశం ఎక్కువ. జూలైలో రాని వాన పీకిన చెట్టు మీద కురిస్తే కాయ మొలకెత్తుతుంది, పశువుల మేత బూజు పడుతుంది. దీనికీ మినహాయింపులున్నాయి. 2021 నవంబరులో పసిఫిక్ చల్లబడిన లానినా నడుస్తుండగానే కదిరి వైపు, చిత్రావతి వెంబడి వరదలు ముంచెత్తాయి.

ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. బుల్లి తక్కెడ నిండి ఒరిగిన ప్రతిసారీ అంకె దానంతటదే వెళ్లిపోతుంది. మంచిదే. ఆ తక్కెడలో దుమ్ము పడితే, సాలీడు గూడు కడితే అది కూడా సున్నానే పంపుతుంది. ఆ సున్నా నిజమో కాదో తేల్చడానికి గరాటు ఎత్తి చూసే మనిషి ఒకడుండాలి. దయచేసి ఆ పనిని ఆపకండి. రైతు ఏం విత్తాలన్నది ఆ అంకె మీదే నిలుస్తుంది. జూలై చివరకు కూడా పదును రాకపోతే శనక్కాయ మాట వదిలి ఉలవ, కొర్ర, అలసంద, జొన్న ఆలోచించాలని రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు చెబుతారు. మంగళ, శుక్రవారాల్లో వెలువడే వాతావరణ సలహా పత్రాన్ని చూసి రైతు విత్తనం కొంటాడు. పసిఫిక్ ఏమన్నదో ఆ పత్రానికి ఢిల్లీ, పూణేల నుంచి అందుతుంది. ఈ మండలంలో నిన్న ఎంత పడిందో మాత్రం ఇక్కడినుంచే వెళ్లాలి.