ఇస్టూలుకి అక్షరాలెన్ని?

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి కాస్త ఎడంగా ఒక డాబా ఇల్లు. ఉదయం ఆరున్నరకి ఆ ఇంటి అరుగు మీద ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు సెల్‌ఫోను పట్టుకుని కూచున్నారంటే పాలవాడు కూడా పలకరించడు. ఆ వేళకి ఆయన అయిదు గళ్లలో ఇరుక్కుని ఉంటారు. బెంగళూరులో ఉన్న మనవరాలు అంటించిన జబ్బు అది. పేరు వర్డిల్.

ఆట చిన్నదే. అయిదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి దాచిపెడతారు, ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. అక్షరం సరైన గడిలో పడితే పచ్చ, మాటలో ఉండీ గడి తప్పితే పసుపు, అసలు లేకపోతే బూడిద రంగు. జోష్ వార్డిల్ అనే ఆయన తన సహచరి పలక్ షా కోసం దీన్ని తయారుచేసి, 2021 అక్టోబరులో లోకం మీదకి వదిలాడు. 2022 జనవరికల్లా న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. పన్నెండు వేల మాటల రాశిని జల్లించి, జనానికి తెలిసినవి మాత్రం ఏరిపెట్టింది ఆ పలక్ షాయే.

మాస్టారి మొదటి మాట ఎప్పుడూ ‘స్లేట్’. బడిపంతులు కదా, ఎక్కడికెళ్లినా పలక చంకలోనే. ఆ రోజు పలక బాగానే పలికింది. మొదటి ఎస్సూ చివరి ఇ-యీ పచ్చబడ్డాయి, టి పసుపు. రెండోసారి ‘స్టోన్’ వేస్తే నాలుగో గడి తప్ప అన్నీ పచ్చనే. పని అయిపోయిందనుకున్నారు. గొయ్యి ఉన్నది అక్కడే. ఒకే అక్షరంతో మొదలై, ఒకే పొడుగుండి, ఒక్క గడి దగ్గర మాత్రం వేషం మార్చే మాటలు ఇంగ్లీషులో గుంపులు గుంపులు. ‘స్టోర్’ అన్నారు, కాదు. ‘స్టోక్’ అన్నారు. బొబ్బిలి లైన్లో బొగ్గింజన్లు తిరగడం చూసిన మనిషి కాబట్టి నిప్పు ఎగదోసే మాట ఆయనకే తట్టాలి. అదీ కాదు. ఇక మిగిలిన ప్రయత్నాలు రెండే.

“ఏటండీ, ఇస్టవ్వు మీద పాలు పొంగిపోతన్నాయి! ఆ ఫోను ఒగ్గీసి సూడండి!”

మాస్టారు పాల సంగతి వదిలేసి ‘స్టవ్’ కొట్టారు. అయిదు గళ్లూ పచ్చ. పాలు సగం గట్టు మీద.

గెలుపు ఎవరిదన్న తగువు సాయంత్రం దాకా సాగింది. మాస్టారి భార్య పుట్టిల్లు నరసన్నపేట. మాట అందించింది తనేనంటుంది. “నువ్వన్నది ఇ-తో మొదలైంది. అసలు మాట ఎస్సుతో” అని ఆయన.

“మీ మాటలో ఇ లేదేటి?”

“ఉంది. చివర్న.”

“దాన్ని పలుకుతారా?”

“పలకరు.”

“పలకనిదాన్ని ఎందుకు పెట్టుకున్నారూ? మేం ముందుకి తెచ్చి పలుకుతన్నాం.”

మాస్టారు కాఫీ అడిగారు. పాలు లేవంది.

నవ్వులాటే గాని, న్యాయం ఆవిడ పక్షానే ఉంది. తెలుగు నాలుకకి మాట మొదట్లో జంట హల్లు బరువు. ‘క్రొత్త’ని కొత్త, ‘ప్రొద్దు’ని పొద్దు, ‘త్రాగు’ని తాగు చేసుకున్న నోరు ఇది. పక్కన రకారముంటే రాల్చేసింది, ముందు ఎస్సుంటే ఇ-ని తోడిచ్చింది. ఇది ఉత్తరాంధ్ర పల్లెటూరితనం అనుకునేవారు స్పెయిన్ దాకా వెళ్లిరావాలి. అక్కడ బడి ‘ఎస్క్వేలా’, రైలు స్టేషను ‘ఎస్తాసియోన్’. మన ఇస్కూలు, ఇస్టేషనులకి మేనత్త బిడ్డలు.

ఇంకో చిత్రం చూడండి. వర్డిల్ మొదటి జాబితాలోని 2,315 జవాబుల్లో ఎస్సుతో మొదలయ్యేవి 366. మరే అక్షరానికీ అంత సంసారం లేదు. అందులో సామాన్లు కొన్ని మన వంటింట్లోకీ వచ్చాయి. స్టూల్, స్పూన్, స్టీల్, స్టవ్: ఇంగ్లీషులో అన్నీ ఎస్సుతో అయిదక్షరాలే. ఆవిడ నోట ఇస్టూలు, ఇస్పూను, ఇస్టీలు, ఇస్టవ్వు: అన్నీ ఇ-తో మూడే. ఒక్కటీ వరస తప్పలేదు. పోస్టాఫీసులో ఇస్టాంపూ అంతే. ఇంతకన్నా క్రమశిక్షణ ఏ వ్యాకరణానికి కావాలి?

ఇంగ్లీషు మాటల్ని మూట కట్టి బట్టీ పట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1892లో ఇక్కడే తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడుతుంది. గురువు గిరీశం, ఆ కొడుకు వెంకటేశం వెంటనే మొదలెడతారు. పిల్లల పాట ముక్క, రేఖాగణిత సిద్ధాంతం, ఏకవచనాన్ని బహువచనం చేసే సూత్రం. సంభాషణ అద్భుతంగా సాగిపోతుంది. ఆ నాటకం రాసిన గురజాడ మహారాజా కాలేజీలో చదివి అక్కడే పాఠం చెప్పినవారు. ఎదురుగా ఎందరు వెంకటేశాలని చూశారో! మాస్టారు మాత్రం ఆ సీను చదివినప్పుడల్లా కొంచెం ఇబ్బందిగా నవ్వుతారు. ‘సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి, బి ఏ టి బ్యాట్, బ్యాట్ అంటే గబ్బిలం’ అని ఆయనా ఏళ్ల తరబడి పాడించినవారే.

వర్డిల్‌లో ఆ బూడిద గళ్లు కూడా మనకి పాతవే. అష్టావధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు చేసే పని అదే కదా. ఈ అక్షరం వద్దు, ఆ అక్షరం వద్దని అడుగడుగునా అడ్డుపడతాడు. అవధాని దారి మళ్లించి పద్యం పూర్తి చేయాలి, అదీ ఛందస్సులో. ఉత్పలమాలైతే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం మొదటిదానితో యతి కలపాలి. ఫోనులో అయిదు గళ్లు నింపి మీసం దువ్వుకునేవాళ్లు ఒక్క పాదం ప్రయత్నించి చూడొచ్చు.

ఇస్టూలుని వెక్కిరించే ఇంగ్లీషువాళ్లకి చూపించాల్సిన చీటీ ఆమదాలవలసలో ఉంది. శ్రీకాకుళం రోడ్ స్టేషనుకి రైల్వే కోడ్ ‘సి హెచ్ ఇ’. దొరల కాగితాల్లో శ్రీకాకుళం ‘చికాకోల్’. మొదటి జంట హల్లు దగ్గర వాళ్లకీ చికాకే అన్నమాట. ఊరు పేరు సరిచేసుకుంది, టికెట్టు మీద మాత్రం ఆ ముక్క అలాగే ఉంది.

ఇప్పుడా దంపతులు ఊళ్ల పేర్లతో ఆడుతున్నారు. ఇంగ్లీషులో బి-తో ఏడక్షరాలు, తెలుగులో బ-తో మూడు: బొబ్బిలి, బాడంగి. రెండు లెక్కలూ కుదిరాయి. మాస్టారు భామినిని తెచ్చారు. ఇంగ్లీషులో అదీ బి-తో ఏడే. తెలుగులో భ వేరే అక్షరమని ఆవిడ కొట్టేసింది. మీకు ఇంకో ఊరు తట్టితే చెప్పండి. మాస్టారికి కాదు, ఆవిడకి.