యోధుడి చేత నమస్కారం పెట్టించే గురువులు

క్లింగన్ నేర్చుకోబోయే కుర్రాడు మొదటి రోజే అడుగుతాడు: “హలో, నా పేరు ఫలానా, మిమ్మల్ని కలవడం సంతోషం” అనడం ఎలా? వాడిననేం లాభం! ఏ భాషకైనా మొదటి పాఠం అదేనని నూరిపోసిన గురువులననాలి.

ఇది పలకరింపుల కోసం పుట్టిన భాషా? 1984లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ మూడో సినిమాలో కయ్యానికి కాలుదువ్వే క్లింగన్ జాతి కోసం మార్క్ ఓక్రాండ్ కల్పించాడు. ఆయన కాలిఫోర్నియా ఆదివాసుల ముత్సున్ భాషపై పరిశోధన చేసిన పండితుడు. మనుషుల భాషల్లా వినిపించకూడదని పట్టుబట్టి కర్మను ముందు, కర్తను చివర పెట్టాడు. ఇక “హలో” అన్న మాటే లేదు. ఉన్నదల్లా “నుక్‌నెఖ్”, అంటే “ఏం కావాలి నీకు?” అని. కొందరు గురువులు దాన్నే హలో పక్కన అచ్చేసి శిష్యుడికి అప్పగిస్తారు. వాడు కనపడ్డవాడినల్లా కిటికీలోంచి తలెత్తని తాలూకాఫీసు గుమాస్తాలా దబాయిస్తూ తిరుగుతాడు.

రెండో రకం గురువులు మరీ ఘనులు. “రాము ఒఖ్ పొంగ్విజె” అంటే “నా పేరు రాము”. అంతే. ఆ చివరి “ఎ” గురించి వీళ్లు పేజీలకొద్దీ ప్రవచనం చెబుతారు. అది ముగిసేసరికి రాముకి తన పేరే గుర్తుండదు. హామ్లెట్ మొత్తాన్ని ఈ భాషలోకి తెచ్చి అచ్చేసిన జనానికి, కొత్తవాడికి ఒక్క వాక్యం అందించే ఓపిక లేదు మరి!

అన్నిటికన్నా నవ్వొచ్చేది మన తెలుగు శిష్యుల తంటా. “త్లింగన్ జిఖ్”, క్లింగన్‌ని నేను. మధ్యలో క్రియ ఉండదు. “నేను డాక్టర్ని” అని పుట్టినప్పట్నుంచీ అంటున్నవాళ్లం, మనకిది మంచినీళ్లప్రాయం కావాలి. అయినా ముందు ఇంగ్లీషులో వాక్యం కట్టి, అందులోని “యామ్” క్లింగన్‌లో ఎక్కడుందని వెతుకుతారు. ఇంగ్లీషు మీడియం మహిమ గ్రహాంతరాల దాకా పాకింది! వయసు సంగతీ అంతే. “ఇరవయ్యేళ్ల కిందట పుట్టాను” అంటే సరిపోయేదానికి “నేను ఇరవై ఏళ్లవాడిని”కి సరితూగే మాట కావాలంటారు.

అయ్యా గురువులూ, హలో ఊసెత్తకండి. పేరు, ఊరు, పుట్టి ఎన్నేళ్లయిందో చెప్పించి వదిలేయండి. సంతోషం సంగతి, పరిచయమయ్యాక వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.