మాచర్లకు పోయిన ల వత్తు

మా అమ్మాయి శుభలేఖ పని మీద నరసరావుపేటలో ఒక డీటీపీ సెంటర్ మెట్లెక్కాను. పాతికేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, అచ్చుతప్పు సంగతి నాకొదిలేయమని ఇంట్లో గట్టిగా చెప్పే వెళ్లాను.

కుర్రాడు మౌసు మీంచి చెయ్యి తియ్యకుండానే, "కోరెల్‌లో చేద్దామా, పేజ్‌మేకర్‌లో చేద్దామా మాస్టారూ?" అన్నాడు, హోటల్లో ఇడ్లీయా అట్టా అన్నట్టు.

"రెంటికీ తేడా ఏంటి నాయనా?"

"కోరెల్ డిజైన్‌కి, పేజ్‌మేకర్ మేటర్‌కి."

ఈ ముక్క నాలుగేళ్ల కిందట ఎవరూ నా చెవిన వెయ్యలేదు. అప్పుడు మా బడి పూర్వ విద్యార్థుల సంచిక, 96 పేజీలు, ఇంకో షాపులో మొత్తం కోరెల్‌లోనే లాగించారు. అంతా అయ్యాక, 12వ పేజీలో ఒక దాత పేరు మర్చిపోయామని తేలింది. మర్చిపోకూడని దాత. రెండు లైన్లు ఎక్కించేసరికి కింది రెండు లైన్లు పెట్టె అడుగున మాయమయ్యాయి. వాటిని తోడి 13లో పోస్తే అక్కడ రెండు పొంగాయి. అలా బొక్కెన పుచ్చుకుని 96 దాకా బావి బావికీ తిరిగాం. పేజ్‌మేకర్ అలా కాదు, సాగర్ కుడి కాలువ బాపతు. ఎగువన రెండు లైన్లు వదిలితే దిగువకి వాటంతటవే పారతాయి. కోరెల్‌లోనూ పెట్టెకీ పెట్టెకీ ముడి వేసే దారి ఉందట. మా ఆపరేటర్ వెయ్యలేదు.

అలాగని కోరెల్‌ని తీసిపారెయ్యకూడదు. పేజ్‌మేకర్ కాగితం 42 అంగుళాలు దాటదు. శివరాత్రికి కోటప్పకొండ దారిలో కట్టే ఫ్లెక్సీ అందులో ఏ మూలకి? అదీగాక ఆ ఫ్లెక్సీల్లో ఒక వింత చూడండి. వాట్సాప్‌లో వచ్చిన నాయకుడి ఫొటోని పెంచేసరికి ముఖం పచ్చీసు పటంలా గళ్లుగళ్లుగా విడిపోతుంది. పక్కనున్న అక్షరాలు మాత్రం ఎంత సాగదీసినా నున్నగా ఉంటాయి. ఫొటో అంటే చుక్కల లెక్క. ఈ అక్షరం ఒంపుల లెక్క, ఎంత సైజు అడిగితే అంత సైజుకి మళ్లీ గీస్తుంది. ఆ ఒంపుల గణితానికి పియర్ బెజియే పేరు పెట్టుకున్నారు. ఆయన రెనో కంపెనీ ఇంజనీరు, 1960ల్లో కారు బాడీల వంపుల కోసం దాన్ని వాడుకలోకి తెచ్చాడు. ఆ లెక్కన మన బండి ర, ఫ్రెంచి కారు బానెట్టు దూరపు చుట్టాలు.

పేజ్‌మేకర్ పుట్టింది 1985లో, కోరెల్‌డ్రా 1989లో. 1994లో పేజ్‌మేకర్‌ని అడోబీ కొనుక్కుంది, 2001లో ఏడో వెర్షన్‌తో మంగళం పాడింది. ఆ కబురు మా వీధికి ఇంకా చేరలేదు. 'అను' తెలుగు ఫాంట్ల చెయ్యి పట్టుకుని ఆ పెద్దాయన ఈ షాపులో ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాడు.

సరే, శుభలేఖ కదా, కోరెల్‌లోనే కానిమ్మన్నాను. రెండో రోజు ప్రూఫు చూస్తే వియ్యంకుడి ఊరు "మాచర" అని ఉంది. గుండె జారింది.

"ల వత్తు పెట్టు బాబూ."

"ప్రెస్సులో ఈ ఫాంట్ లేదని కర్వ్స్ చేసేశాను మాస్టారూ. ఒరిజినల్ సేవ్ చెయ్యలేదు."

కర్వ్స్ అంటే అక్షరం అక్షరంగా చచ్చి బొమ్మగా పుట్టడం. ఇక కీబోర్డు మాట వినదు. మన కంటికి పెళ్లి, వరుడు, ముహూర్తం. కోరెల్‌కి అవన్నీ ముగ్గులు.

కుర్రాడు జంకలేదు. పైన పెద్దక్షరాల్లో ఉన్న "పెళ్లి పిలుపు" మీద బ్రేక్ ఎపార్ట్ కొట్టాడు. మాట ముక్కలై, అక్షరాల పొట్టల్లో ఖాళీలన్నీ కుంకుమ రంగుతో పూడుకుపోయాయి. అందులోంచి ల వత్తుని ఒడుపుగా పట్టి, కిందికి లాక్కొచ్చి, మినపగుండంత చేసి "ర" కింద అతికించాడు. పైన మిగిలిన ముక్కల్ని మళ్లీ కలిపాడు, పొట్టలు తెరుచుకున్నాయి. "మాచర్ల"!

"ఇది పేజ్‌మేకర్‌లో అవుద్దా మాస్టారూ?" అన్నాడు. అవదని ఒప్పుకుని, భుజం తట్టి, 500 కార్డులకి ఆర్డరిచ్చాను.

కార్డులొచ్చిన సాయంత్రమే మాచర్ల నుంచి ఫోను.

"బావగారూ, వాట్సాప్‌లో కార్డు చూశాం. మా ఊరి పేరు ముత్యంలా పడింది. పైన 'పెళి పిలుపు' అనుందేంటండీ?"

కాపీ చెయ్యబోయి కట్ చేశాడు. కీబోర్డు మీద సీ, ఎక్స్ ఇరుగుపొరుగు. నా కళ్లేమో మాచర్ల దాటి పైకి పోలేదు.

ఆ రాత్రి ఎర్ర స్కెచ్ పెన్ను పట్టుకుని హాల్లో చాప మీద కూర్చున్నాను. 340వ కార్డు దగ్గర మా ఆవిడ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది.

"పాతికేళ్లు పిల్లల చేత దిద్దించారుగా. దిద్దండి."